ఇద్దరిలో ఒకరే నిలబడాలి

క్రీడాశాల వెనక, సామాన్ల గది
సోమవారం

ఒసేయ్ వదినా,

పెద్దసారు వెళ్ళిపోతున్నాడు! ఏదో మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు పెద్ద జీతమిచ్చి ఎత్తుకుపోయింది. ఇవాళ పొద్దున పిల్లలందరినీ వరసలో నిలబెట్టి "మీరంతా నా బిడ్డలు" అన్నాడు. ఎడమచేతివాటం పిల్ల పేరు మాత్రం అప్పుడు కూడా తప్పే పలికాడు.

ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ నీ ఫోన్ పక్కనే మా అన్నయ్య చెవి అతుక్కుని ఉంటుంది. నీ పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన ఈ ఉత్తరాలే మనకి నయం. నా దస్తూరీ విప్పే ఓపిక ఆయనగారికి ఈ జన్మలో రాదు.

మొన్న కాలేజీ ఆఫీసులో కొత్త గుమాస్తా అడిగాడు: "మేడమ్, ఏమీ అనుకోకండి, సహాయ కోచ్ అంటే మీరు సరిగ్గా ఏం చేస్తారు?" ఏమనుకోవాలి చెప్పు? పొద్దున్నే వచ్చి పిల్లల చీలమండలకి టేపు చుడతాను. ఎదుటి జట్టు వీడియోలు కళ్ళు వాచేదాకా చూసి, వాళ్ళ నాలుగో నంబరు పిల్ల కుడిపక్కకే పరిగెడుతుంది, ఎడమకి తోస్తే బంతి వదిలేస్తుంది అని కనిపెడతాను. గేటు తాళం కోసం వార్డెన్‌ని బతిమాలతాను. "మా అమ్మాయికి ఈ గెంతులు ఎందుకు" అని వచ్చిన తండ్రులతో పోట్లాడతాను. టైమ్‌అవుట్‌లో పెద్దసారు చెవిలో రెండు ముక్కలు ఊదుతాను. ఆయన బోర్డు మీద అవే గీతలు గీసి, "నాకిప్పుడే తట్టింది" అంటాడు. ఇదీ నేను చేసేది.

పైగా ఆ రూలొకటి. ఆట నడుస్తున్నంతసేపూ బెంచి దగ్గర హెడ్ కోచ్, సహాయ కోచ్ ఇద్దరిలో ఒకరే నిలబడాలి. రెండోవాళ్ళు కుర్చీకి అంటుకుని ఉండాలి. పెద్దసారు విజిల్‌తో పాటు లేచేవాడు, చివరి విజిల్‌కి గానీ కూర్చునేవాడు కాదు. ఇన్నేళ్ళూ నేను ఆట చూసింది ఆయన నడుం పక్కనుంచి మెడ చాచి. ఏ క్వార్టర్‌లో ఆయన వీపు మీద చెమట మరక ఏ ఆకారానికి వస్తుందో బొమ్మ గీసి చూపించగలను.

అంతా తెలిసిన ఆడది కూర్చోవాలి, ఆమె చెప్పింది వల్లించడానికి ఒక మగాడు నిలబడాలి. దీన్ని అనుభవం అంటారు, క్రమశిక్షణ అంటారు, సంప్రదాయం అంటారు. దోపిడీ అని మాత్రం ఎవరూ అనరు. ఇళ్ళలో మాత్రం జరిగేది ఏమిటి? ప్రతి ఇంట్లోనూ ఆడదానిది సహాయ కోచ్ ఉద్యోగమే. గెలిస్తే ఆయన గెలిచాడు, ఓడితే ఈవిడ సరిగ్గా చూసుకోలేదు.

సరే, ఉపన్యాసం ఆపుతాను. వచ్చే వారం ఇంటర్వ్యూ. నాకు కాక ఇంకెవరికిస్తారే? లేచి నిలబడి ఒక ఆట మొత్తం చూడాలి వదినా. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

నీ నిచ్చెన


ఇల్లు, వంటగది బల్ల
శనివారం

నిచ్చెనా,

నీ ఉత్తరం పళ్ళ క్లినిక్‌లో చదివాను. లోపల డాక్టరు గారు ఎవరిదో దవడపన్ను పీకుతున్నారు, బయట కౌంటర్లో నేను నీ ఉపన్యాసం వింటున్నాను. ఇద్దరిలో ఎవరు గట్టిగా అరిచారో చెప్పడం కష్టం.

నీకే వస్తుంది. రావాలి. మీ అన్నయ్యకి చెప్పాను, "మంచిదే, జీతం ఎంత పెరుగుతుందిట?" అన్నారు. మీ ఇంట్లో ఆట తెలిసి పుట్టింది నువ్వొక్కదానివే.

ఒక మాట అంటాను, ముక్కు ఎగరేయకు. నువ్వు కూర్చున్నావు, నిజమే. కానీ కోర్టు పక్కన కూర్చున్నావు. బంతి చెక్కనేల మీద పడిన చప్పుడు నీ అరికాళ్ళకి తెలిసేంత దగ్గర. నేను కూర్చున్నది "తరవాత ఎవరండీ" అనే కుర్చీలో. ఇక్కడికొచ్చేవాళ్ళందరూ బుగ్గ పట్టుకునే వస్తారు. మనం ఒకే జట్టులో ఆడినప్పుడు బంతి నేను ఆడించాను, నువ్వు బుట్ట కింద నిలబడి చేయి చాపావు. పొడుగు కాబట్టి. పరిగెత్తింది ఎవరో, ఎవరి పేరు క్రీడాశాల గోడ మీద ఎక్కిందో నీకు తెలుసు.

అందుకని నీ కష్టాలు చదివినప్పుడు జాలి వేయడం లేదే. కుళ్ళు పుడుతోంది. దాచి లాభం ఏముంది?

ఇంటర్వ్యూకి ఆ బూడిదరంగు చొక్కా వేసుకోకు, ఇస్త్రీ చేసినా ఏడ్చినట్టు ఉంటుంది.

బొంగరం


కాలేజీ, వెనక మెట్ల మీద
బుధవారం

వదినా,

నాకు రాలేదు.

మిడతకి ఇచ్చారు. గుర్తుందా, ఉత్తరాల్లో రాసేదాన్ని, ఎప్పుడూ గెంతుతూ ఉండేదని నేనే పేరు పెట్టాను. ఈ కాలేజీలోనే చదివింది. వచ్చిన కొత్తలో బంతి విసిరితే బుట్టకి కాదు, కిటికీకి తగిలేది. మోచెయ్యి ఎక్కడుండాలో, మణికట్టు ఎప్పుడు వదలాలో, నేను వెనక నిలబడి ఆ చెయ్యి నా చేత్తో పట్టుకుని నేర్పించాను. తరవాత ఎక్కడో శిక్షణ కోర్సు చేసి, రెండు కాలేజీల్లో పనిచేసి, ఇప్పుడు నా నెత్తిన దిగింది. వరండాలో నన్ను చూసి "అక్కా! మీరు ఉన్నారన్న ధైర్యంతోనే అప్లై చేశాను" అని వాటేసుకుంది. నేనూ వాటేసుకున్నాను. ఏం చెయ్యను, అందరూ చూస్తున్నారు.

ప్రిన్సిపాల్ మేడమ్ ఏమందో విను. "నువ్వు లేకపోతే ఈ జట్టు ఒక్కరోజు నడవదమ్మా. నీ పని ఇంకెవరూ చేయలేరు. అందుకే నిన్ను అక్కడి నుంచి కదపడం లేదు."

"అంటే నేను కాస్త చెడగొట్టి ఉంటే పైకి పంపేవారా మేడమ్?" అన్నాను.

"చూడు, నీకు హాస్యం కూడా ఉంది" అంది.

పని రానివాళ్ళని పైకి పంపుతారు, పని చేసేవాళ్ళని చేసేచోటే మేకు కొట్టి బిగిస్తారు. ఏ ఆఫీసుకి వెళ్ళినా ఇదే వరస, ఇది ఒక్క కాలేజీ జబ్బు కాదు.

కానీ వదినా, అసలు బాధ అది కూడా కాదు. మగాడిని వేసి ఉంటే బాగుండేది. అవును, రాశాను, చదువుకో. నేను అనవలసిన మాటలన్నీ ఒక మగాడి కొలతలకి ముందే కుట్టించి పెట్టుకున్నాను. వచ్చింది ఆడపిల్ల. నేనే తయారుచేసిన ఆడపిల్ల. పనిమంతురాలు కూడా. చొక్కా ఎక్కడా పట్టడం లేదు. పోరాడదామంటే ఎదుట ఎవరూ లేరు, కడుపులో మంట మాత్రం ఉంది. దీనికి నినాదం ఎవరు రాస్తారు?

నిచ్చెన


పళ్ళ క్లినిక్, కౌంటర్
మంగళవారం

నిచ్చెనా,

ముందు రాజీనామా లాంటి పిచ్చి పని చెయ్యకు.

తరవాత, నిజాలు మాట్లాడుకునే వారంలా ఉంది కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. నీకు రాలేదని చదవగానే ఒక్క క్షణం హాయిగా అనిపించింది. తరవాత సిగ్గేసింది, తరవాత ఏడ్చాను కూడా. కానీ ముందు వచ్చింది హాయే.

ఎందుకో చెప్పనా? ఆ సహాయ కోచ్ ఉద్యోగం పెద్దసారు ముందు అడిగింది నన్ను. నీకు తెలీదు. మీ అన్నయ్యతో పెళ్ళి కుదిరి, ఈ ఊరు రావాల్సి వచ్చి వద్దన్నాను. "అయితే ఆ పొడుగమ్మాయిని అడుగుతాను" అన్నాడు. ఆ కుర్చీలో నువ్వు ఏళ్ళ తరబడి ఏడుస్తూ కూర్చుంటే ఇక్కడ నాకు ఎలా ఉంటుందో ఆలోచించు.

నువ్వు మిడత గురించి రాసినదంతా, పేర్లు మార్చి, నేను నీ గురించి రాయగలను.

ఈసారి ఫైనల్స్ మా ఊళ్ళోనే అని పేపర్లో చూశాను. మీ జట్టు అంతదాకా వస్తే గ్యాలరీలో ఉంటాను.

బొంగరం


క్రీడాశాల, సామాన్ల గది
శుక్రవారం

శ్రీమతి వదిన గారికి,

తమరు కాదన్న ఎంగిలి ఉద్యోగం ఇన్నేళ్ళుగా చేస్తున్నానని తెలియజేసినందుకు కృతజ్ఞతలు. ఇంత ఆలస్యంగా చెప్పినందుకు ఇంకా కృతజ్ఞతలు.

కోపం తీరేదాకా రాయకూడదనుకున్నాను. నెలలు గడిచాయి గానీ తీరలేదు, అందుకని రాస్తున్నాను.

జట్టు గెలుస్తోంది. మిడత పిల్లల పేర్లు సరిగ్గా పలుకుతుంది, పెద్దసారు మాదిరి కాదు. టైమ్‌అవుట్‌లో బోర్డు నా చేతికిచ్చి "అక్కా, మీరు గీయండి" అంటుంది. పేపరు వాళ్ళు వస్తే "ఇదంతా మా అక్క పెట్టిన భిక్ష" అంటుంది. ఆమె నన్ను పొగిడినప్పుడల్లా చల్లనీళ్ళు తగిలిన పుచ్చుపన్నులా జివ్వుమంటుంది. పెద్దసారు నా మాట దొంగిలించినప్పుడు కనీసం అసహ్యించుకునే సుఖం ఉండేది. ఈ పిల్ల అన్నీ తిరిగి ఇచ్చేస్తోంది, నిలబడే చోటు తప్ప.

ఒక్క లోపం ఉంది. నోరు. రిఫరీ విజిల్ వేస్తే చాలు, గీత దాకా దూకుతుంది. దాన్ని చొక్కా అంచు పట్టి వెనక్కి లాగడం నా పని. హెడ్ కోచ్ నోరు జారితే టెక్నికల్ ఫౌల్ రాస్తారు. బెంచి మీద పిల్లలు గానీ నేను గానీ తప్పు చేసినా, రాసేది హెడ్ కోచ్ పేరు మీదే. తనదొకటీ, బెంచివి రెండూ, మొత్తం మూడయితే హెడ్ కోచ్ లేచి డ్రెస్సింగ్ రూముకి నడవాలి. అక్కడి నుంచి ఆట సహాయ కోచ్‌ది.

ఈ మధ్య చొక్కా పట్టుకోవడంలో నా చెయ్యి కాస్త ఆలస్యమవుతోంది. వయసు కాబోలు.

ఫైనల్స్‌కి వస్తున్నాం. మీ ఇంట్లో దిగను, జట్టుతో లాడ్జిలో ఉంటాను. అన్నయ్యకి నమస్కారాలు.

సహాయ కోచ్


ఇల్లు
ఆదివారం

ఏమే నిచ్చెనా,

కప్పు పట్టుకుని ఫోటోలు దిగి, మా గుమ్మం ముందునుంచే బస్సులో వెళ్ళిపోయావు. మీ అన్నయ్య పేపర్లో ఫోటో కత్తిరించి అద్దానికి అంటించారు. "చూశావా మా చెల్లెలు" అని పాలవాడికి కూడా చూపించారు. నేను అనాల్సింది ఆయనతో కాదు. నీతోనే అనాలి.

నేను మీ బెంచికి ఎదురుగా, గ్యాలరీ మూడో మెట్టు మీద ఉన్నాను. మిడత మొదటి సగంలోనే రిఫరీ మీద అరిచి ఒకటి తెచ్చుకుంది. నువ్వు చొక్కా పట్టుకోలేదు. తరవాత బెంచి పిల్లలు తువ్వాళ్ళు ఎగరేసుకుంటూ కోర్టులోకి దూకారు, రెండోది. రిఫరీ మీ దగ్గరికే వచ్చి, నీ మొహంలోకి చూసి "ఇంకొకరు లేస్తే ఊరుకోను" అని నాకు కూడా వినపడేంత గట్టిగా అన్నాడు. నువ్వు బుద్ధిమంతురాలిలా తల ఊపావు.

చివరి క్వార్టర్ మొదట్లో ఎడమచేతి పిల్ల పడిపోయింది. మిడత గీత మీద నిలబడి "లే, లే" అని అరుస్తోంది. అప్పుడు నువ్వు లేచావు. విజిల్ మోగింది. మూడోది. మిడత తల వంచుకుని లోపలికి నడిచింది. హాలు హాలంతా "పాపం, పిల్ల పడిందని కంగారుగా లేచింది, మంచి మనిషి" అంది. నా పక్కావిడ అయితే కళ్ళు తుడుచుకుంది.

నేను తుడుచుకోలేదు. నువ్వు లేచేముందు పడ్డ పిల్ల వైపు చూడలేదు. మిడత వైపు చూశావు. నిలబడే ఉందా, కూర్చుందా అని చూశావు. అది చూసుకుని లేచావు. నీ పక్కన అన్నేళ్ళు ఆడాను నేను, నీ కళ్ళు ఎక్కడికి పోతే ఒళ్ళు ఎక్కడికి పోతుందో నాకు తెలీదా?

తరవాత నువ్వు ఆడించిన ఆట చూసి నా ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే అద్భుతంగా ఉంది. ఒక్కొక్కరిని ఒక్కొక్కరు కాపలా కాయడం మానిపించి, అందరినీ బుట్ట ముందు వల పరిచినట్టు పరిచావు. వాళ్ళ పరుగుపిల్లని ఎడమకే తోయించావు. గొంతు ఎత్తకుండా, వేలితో చూపిస్తూ. అంత బాగా చెయ్యగలదానివి అంత నీచంగా ఎందుకు లేచావే?

నేను దిగి డ్రెస్సింగ్ రూము వైపు వెళ్ళాను. మిడత లోపల ఒక్కతే, గోడకి చెవి ఆనించి కూర్చుంది. బయటికి పంపినవాళ్ళు ఆట చూడకూడదు కదా. అరుపుని బట్టి లెక్క వేసుకుంటోంది. నన్ను చూసి "ఇప్పుడు అరిచింది మనవాళ్ళేనా అండీ?" అని అడిగింది. నేనెవరో కూడా తెలీదు. గ్యాలరీ మెట్లదాకా పరిగెత్తి చూసి రావడం, స్కోరు చెప్పడం, మళ్ళీ పరిగెత్తడం, ఆట అయ్యేదాకా అదే పని చేశాను. మోకాళ్ళు ఇప్పటికీ నొప్పి.

జవాబు రాయి.

బొంగరం


కాలేజీ, క్రీడాశాల
గురువారం

వదినా,

పిల్ల పడింది, లేచాను. నీకు ఇంకేదో కనపడితే కళ్ళ డాక్టరు దగ్గర పనికి చేరు.

నాకు నీతులు చెప్పే ముందు ఆ రూలు రాసినవాళ్ళని అడుగు. ఇద్దరు ఆడవాళ్ళు పనిచేసే చోట ఒక్కరికే కాళ్ళుంటాయని ఎవరు తేల్చారు? పైన ఒక్క చోటు పెట్టి, కింద పదిమందిని ఉంచి, ఆ పదిమందీ ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటే "చూశారా, ఆడవాళ్ళకి ఒకరంటే ఒకరికి పడదు" అని నవ్వేవాళ్ళని అడుగు. నన్నే ఎందుకు బోనెక్కిస్తావు?

నిలబడ్డాను వదినా. అది చెప్పనీ ముందు. కోర్టు అంత వెడల్పుగా ఉంటుందని నాకు తెలీదు. అటు మూల నుంచి ఇటు మూల దాకా, మధ్యలో ఎవరి వీపూ లేదు. నేను వేలు చూపిస్తే పిల్లలు అటు కదిలారు. నా నోట్లోంచి మాట సూటిగా వాళ్ళ చెవికే వెళ్ళింది, ఇంకొకరి నోరు తిరగకుండా. అంత బాగా నేనెప్పుడూ ఆడలేదు, ఆడిన రోజుల్లో కూడా.

ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచింది. మిడతకి కోపం ఎక్కువ, కాలేజీ పరువు పోయింది, వచ్చే నెల నుంచి హెడ్ కోచ్ నువ్వే అంది. మిడత క్షమాపణ రాసి ఇచ్చిందట. నా గదికి కూడా వచ్చింది. "నా నోటి వల్లే అక్కా. నేను ముందే ఒకటి తెచ్చుకోకపోతే మీరు లేచినా ఏమయ్యేది కాదు" అంది. నేను టేపు చుట్టలు సర్దుతూ ఉన్నాను. సర్దుతూనే ఉన్నాను.

ఇప్పుడు అసలు విషయం. నా పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. అది నీది. అప్పుడు నువ్వు వదులుకున్నది ఇప్పుడు నేను ఇస్తున్నాను. వారానికి మూడు రోజులు వచ్చినా చాలని మేడమ్‌తో మాట్లాడతాను. మిడతకి ఇంకో కాలేజీ దొరుకుతుంది, చిన్న వయసు, రెక్కలున్న పిల్ల. మనకే ఇంకేమీ లేదు. ఆలోచించు. గ్యాలరీలో చూసినవన్నీ గ్యాలరీలోనే వదిలేసి రా.

నీ నిచ్చెన


పళ్ళ క్లినిక్, కౌంటర్
సోమవారం

నిచ్చెనా,

నీ ఉత్తరం అందిన రోజు అటక మీది పెట్టె దింపి నా పాత బూట్లు తీశాను. అడుగు ఊడిపోయింది. జిగురు పెట్టి, పైన బరువు పెట్టి అంటించాను కూడా. అంత ఆశపడ్డాను, నీకు తెలియాలి.

ఆ తరవాత నీ చివరి వాక్యం మళ్ళీ చదివాను. నువ్వు నన్ను ఆట తెలిసినదాన్ని కాబట్టి పిలవడం లేదు. చూసినదాన్ని కాబట్టి పిలుస్తున్నావు. నా నోరు మూయడానికి సరిగ్గా నా నోరు ఊరే వస్తువే పట్టుకొచ్చావు. మీ ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గర బాగానే నేర్చుకున్నావు.

రూలు చెడ్డదే. నీకు జరిగింది అన్యాయమే. ఇన్నేళ్ళూ నీ మాటతో వాళ్ళు గెలిచారు, ఒప్పుకుంటాను, ఎవరితోనైనా పోట్లాడతాను. కానీ ఆ రూలు రాసినవాడి మీద నువ్వు లేవలేదు. పెద్దసారు నిలబడ్డ అన్నేళ్ళలో ఒక్కసారి లేవలేదు. నిన్ను అక్కా అని పిలిచి, బోర్డు నీ చేతిలో పెట్టిన పిల్ల మీద లేచావు. పైవాళ్ళ మీద కోపం పక్కవాళ్ళ మీద తీర్చుకుని దానికి పోరాటం అని పేరు పెట్టకు. ఆ పేరు నాకు కావాలి, ఇంకా చాలామందికి కావాలి, దాన్ని మురికి చెయ్యకు.

వెళ్ళి మిడతకి చెప్పు. మొహం మీద చెప్పు. తరవాత మేడమ్‌కి చెప్పు. చెప్పకపోతే నేను ఎవరికీ చెప్పను, భయపడకు. నీకు ఉత్తరాలు మాత్రం రాయను.

బొంగరం


అద్దె గది, సామాన్ల మధ్య
శనివారం

వదినా,

చెప్పాను.

ముందు మేడమ్‌కి చెప్పాను, అది తేలికని. ఆవిడ తలుపు మూయించి, "కప్పు అద్దాల బీరువాలో పెట్టేశాం, పేపర్లో వచ్చేసింది. ఇప్పుడు ఇదంతా ఎందుకమ్మా? నేను వినలేదు, నువ్వు అనలేదు" అంది. చూశావా, నిజం చెప్పడానికి కూడా అనుమతి కావాలి! అందుకని సాయంత్రం కోర్టులో పిల్లలందరి ముందు మిడతకి చెప్పాను. "నువ్వు నిలబడి ఉన్నావని చూసే లేచాను. నిన్ను బయటికి పంపడానికే లేచాను" అన్నాను. ఎవరో బంతి వదిలేశారు, అది గోడదాకా దొర్లుకుంటూ వెళ్ళింది. ఎవరూ పట్టుకోలేదు.

మిడత వెళ్ళి ఆ బంతి తీసుకొచ్చింది. తరవాత "మీరు లేవడం నేను చూశానక్కా" అంది. "విజిల్ వేసే లోపల నేను కూర్చోవచ్చు. కాళ్ళు వంగలేదు. మీరు నిలబడితే నేను కూర్చోవాలా అనిపించింది. అందుకే క్షమాపణ రాశాను."

అప్పటిదాకా నేను ఏడవలేదు.

పిల్లలే కాలేజీ క్రీడల కమిటీకి చెప్పేశారు, పిల్లల నోరు ఏ మేడమ్ మూయగలదు? తీర్పు ఇది: హెడ్ కోచ్ మిడతే. వచ్చే సీజనంతా నేను బెంచి దగ్గరికి రాకూడదు, సామాన్ల గది తాళం ఇచ్చెయ్యాలి. ఆటలు చూడొచ్చు, టికెట్ కొనుక్కుని, గ్యాలరీలోంచి.

తాళం ఇచ్చేటప్పుడు అడిగాను, నా చోట ఎవరు అని. మిడత మొహమాటపడుతూ నీ పేరు చెప్పింది. ఫైనల్ తరవాత మీరిద్దరూ ఫోన్లలో మాట్లాడుకుంటున్నారట. "ఆ కుర్చీలో మీరుంటే బాగుండు వదినగారూ" అని నీతో అప్పుడే అందట. నాకు ఆ నీతుల ఉత్తరం రాయడానికి ముందే.

నువ్వు ఆ ముక్క రాయలేదు.

రెండు రోజులు గది గోడలతో నిన్ను తిట్టాను. "న్యాయం అడిగింది కుర్చీ కోసమా" అని పెద్ద ఉత్తరం రాసి చింపేశాను. తరవాత ఆలోచించాను. న్యాయం అడిగేవాళ్ళందరి చేతులూ తెల్లగా ఉండాలంటే ఈ లోకంలో ఇంకెవరూ ఏమీ అడగలేరు. నువ్వు అడిగింది సరైనదే. నీకు లాభం వచ్చినా సరైనదే. కానీ నా ఒళ్ళు మండుతోంది వదినా, పెద్దసారుని చూసి మండినదానికంటే, మిడతని చూసి మండినదానికంటే ఎక్కువ. నేను ఇన్నేళ్ళు తిట్టుకున్న ఆ బెంచి ఇప్పుడు బంగారంలా కనపడుతోంది, నువ్వు అక్కడికి వెళ్తున్నావు కాబట్టి.

కాబట్టి విను. ఎడమచేతి పిల్లకి టేపు బిగించి చుట్టకు, నొప్పి పుట్టినా చెప్పదు, రెండో సగంలో కుంటుతుంది. కెప్టెన్ ఆటకి ముందు కక్కుకుంటుంది, కంగారు పడకు, మామూలే, వెనక నిలబడి జడ పట్టుకో. వార్డెన్‌తో వాళ్ళ మనవడి గురించి మాట్లాడితే తాళం త్వరగా వస్తుంది. మిడతకి సగం ఆటలో తియ్యటిది ఏదైనా పెట్టు, ఆకలేస్తేనే దాని నోరు లేస్తుంది, ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

ఇంకొకటి. బెంచి చివర కుర్చీ నాకోసమని వడ్రంగి చేత కాళ్ళు పొడుగు చేయించుకున్నాను. నువ్వు కూర్చుంటే నీ కాళ్ళు నేలకి అందవు, బడిపిల్లలా వేలాడతాయి. గ్యాలరీలోంచి నాకు బాగా కనపడుతుంది.

ఆ కుర్చీ కాళ్ళు కోయిస్తే మాత్రం ఊరుకోను.

నీ ఆడపడుచు